బట్టీకి సీలు పడిన వారం

డ్యూటీలో ఉన్న నర్సు మందు ముట్టుకోకూడదని రూలు. ఎవరింటినుంచైనా ఏదైనా పట్టుకెళ్ళాలంటే ముందు ఆ ఇంటి రకియా, అదే పళ్ళసారా, ఒక గుక్క పుచ్చుకోవాలని మా ద్రెన్యె ఊళ్ళో ఆనవాయితీ. ఈ రెండూ ఒకే మనిషి నెత్తిన పడితే ఏమవుతుందో ఆ మంగళవారం పొద్దున్న స్తమేనాకి తెలిసొచ్చింది.

ఆవిడ ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సు. యాభై ఎనిమిదేళ్ళు. ఇంకో రెండేళ్ళకి పెన్షను. ఆవేళ ఆవిడ సంచిలో అయిదు చిన్న గాజు సీసాలున్నాయి. ఈ ఏడు కాచిన రకియా అయిదిళ్ళ నుంచి నమూనా తెమ్మని డాక్టర్ బొయానా పురమాయించింది. మొదటింట్లో గుక్కెడు, రెండో ఇంట్లో గుక్కెడు. మూడో ఇంట్లో కొడుకు పుట్టాడని రెండు గుక్కలు. నాలుగో ఇంట్లో వద్దంటే, "మా సారా అంత చేదయిపోయిందా సిస్టరమ్మా?" అని ఇల్లాలు మొహం మాడ్చుకుంది. తాగక తప్పలేదు. అయిదోది ముసలి కోసాన ఇల్లు. వెళ్ళేసరికి కోసాన కొట్టంలో ఆవు పొదుగు కింద కూర్చునుంది.

"కొత్త రకియా కొంచెం కావాలి పిన్నీ, పరీక్షకి."

"నువ్వే తీసుకోవే, ఇల్లు నీకు కొత్తా? లేస్తే ఇది తన్నేస్తుంది."

అమ్మయ్య, పోసిచ్చేవాళ్ళు లేరు, అయిదో ఇంటి గుక్క తప్పింది అనుకుని స్తమేనా లోపలికెళ్ళింది. తల కాస్త వెచ్చగా ఉంది. వంటింటి తలుపు వెనక్కి చెయ్యి పెట్టి, అక్కడున్న పచ్చసీసా ఎత్తి, గాజు సీసా నింపి, 'అయిదో ఇల్లు' అని చీటీ అంటించింది.

తలుపు వెనక సీసా తాగేది కాదు. బట్టీలో మొదట దిగే ధార విషం. దాన్ని ఎవరూ నోట్లో పోసుకోరు, పారబోయరు కూడా. విడిగా పట్టి తలుపు వెనక పెట్టుకుంటారు, జలుబు చేస్తే ఛాతీకి, నొప్పులొస్తే మోకాళ్ళకి రాయడానికి. పదేళ్ళుగా ప్రతి చలికాలం కోసాన వీపు రుద్దేది స్తమేనాయే. అలవాటుపడ్డ చెయ్యి అలవాటైన చోటికే వెళ్ళింది.

నమూనాలు మధ్యాహ్నం బస్సులో పంపించేసి, ఆవిడ బట్టీకి బయల్దేరింది.

ఈ నమూనాల గొడవంతా ఎందుకొచ్చిందంటే, రెండు చలికాలాల్లో మా ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళు తమంతట తాము ప్రాణం తీసుకున్నారు. నూట నలభై గడపల ఊరికి అది చాలా ఎక్కువట. జిల్లా ఆరోగ్య సంస్థ నుంచి బొయానా వచ్చింది. బెల్‌గ్రేడ్ యూనివర్సిటీ నుంచి ఓగ్న్యెన్ అనే కుర్రాడొచ్చాడు, మనుషుల మనసుల్ని ఊరుమ్మడిగా చదివే శాస్త్రం అతనిది. ఇద్దరిదీ ఒకే పథకం. ఒకే కారులో వచ్చేవాళ్ళు, దారంతా పోట్లాడుకుంటూ. ఊళ్ళో సారా తగ్గితే చావులు తగ్గుతాయి, లెక్కలు చూడు అనేది ఆవిడ. తాగేవాడు ఎవరితో కూర్చుని తాగుతున్నాడో చూడండి మేడం, ఒంటరివాడే పోతాడు అనేవాడు అతను. ఇద్దరి తరఫునా ఇంటింటికీ తిరిగే కాళ్ళు మాత్రం స్తమేనావి. సంచిలో ఎడం పక్క బొయానా పచ్చకాగితాలు. వారానికి ఎన్ని గ్లాసులు, రక్తపోటు ఎంత, లివరు ఎలా ఉంది. కుడి పక్క ఓగ్న్యెన్ తెల్లకాగితాలు. ఎవరి పక్కన కూర్చుంటావు, నిద్ర పట్టని రోజు ఎవరితో చెప్పుకుంటావు.

బట్టీ ఊరి చివర వాగొడ్డున రేకుల షెడ్డు. ఆల్‌బుఖారా పళ్ళ ఊట పీపాల్లో బండ్ల మీద తెచ్చుకుంటారు, వంతుల ప్రకారం కాచుకుంటారు. దాన్ని నడిపేది రాదివోయ్. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, సారా కాచే రాగి బానని కన్నకూతురిలా తుడుచుకుంటాడు. ఆడవాళ్ళు లోపల కూర్చోరు. స్తమేనా గుమ్మంలోనే నిలబడింది.

"రావమ్మా రా! ఇవాళ నువ్వే ఊగుతున్నట్టున్నావు, మమ్మల్ని ఏం పరీక్ష చేస్తావు?" అన్నాడు రాదివోయ్. బల్లల మీద మగవాళ్ళు గొల్లుమన్నారు.

"నోర్ముయ్ పెద్దాయనా, నీ రక్తపోటు చూస్తే నువ్వే ఊగుతావు," అంది స్తమేనా పట్టీ విప్పుతూ.

బాన పక్కన ముక్కాలిపీట మీద జివొరాద్ కూర్చుని మీట తిప్పుతున్నాడు. ఊట అడుగంటకుండా లోపల తెడ్డు తిరుగుతూనే ఉండాలి. అరవయ్యేళ్ళు దాటిన మనిషి. వేసవిలో భార్య పోయింది. అప్పట్నుంచి ఎవరి వంతయినా సరే, మీట అతనిదే. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమ చెయ్యి, అంతే తప్ప లేవడు. పక్కన అరుగు మీద నిండు గ్లాసు పెట్టుంటుంది. చావులు ఈ ఏడాది మూడవుతాయేమోనని ఊళ్ళో ఎవరైనా భయపడుతున్నారంటే ఇతన్ని చూసే. ఆ మాట ఎవరూ పైకనలేదు. స్తమేనా లోపల్లోపల రోజూ అనుకునేది.

"రోజుకి ఎన్ని గ్లాసులు జివొరాద్ అన్నా?"

"మూడు."

ఆవిడ మూడుని ఏడుతో హెచ్చవేసి ఇరవయ్యొకటి వేసింది.

"నిద్ర పట్టకపోతే ఎవరితో చెప్పుకుంటావు?"

"బట్టీకొస్తాను."

ఆవిడ 'బట్టీ దగ్గర స్నేహితులతో' అని రాసుకుంది. వెనక నుంచి ఎవరో, "అతను చెప్పుకునేదల్లా ఆ బానతోనే," అన్నారు. మళ్ళీ నవ్వులు. జివొరాద్ కూడా కాస్త నవ్వాడు.

తర్వాతి సోమవారం పొద్దున్నే కారొచ్చింది. ఓగ్న్యెన్ రాలేదు. బొయానా పక్కన జిల్లా ఆరోగ్య ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. అయిదు నమూనాల్లో నాలుగు బాగానే ఉన్నాయట. అయిదో దాంట్లో విషం హద్దు దాటి ఎన్నో రెట్లుందట. ఇన్‌స్పెక్టరు రాగి బాన మూతకి తీగ చుట్టి సీసం బిళ్ళ నొక్కాడు, తలుపుకి కాగితం అంటించాడు. అప్పటికే పొయ్యి రాజేసి ఉంది. రాదివోయ్ బకెట్టు తెచ్చి తనే నీళ్ళు పోశాడు.

"యాభై ఏళ్ళుగా కాస్తున్నాను డాక్టరమ్మా," అన్నాడు. "మొదటి ధార వేరుచెయ్యడం తెలీని వాణ్ణా? నా చేతి సారా తాగి ఒక్కడికి తలనొప్పి వచ్చిందని చెప్పించండి చూద్దాం."

"మీకు తెలుసు, కాదనను. కానీ ఇందులో ఉన్నది తాగితే కళ్ళు పోవచ్చు తాతగారూ. రిపోర్టు చేతిలో పెట్టుకుని నేను ఊరుకుంటే, రేపు ఎవరికైనా ఏమన్నా అయితే?" బొయానా కాగితం ఆయన ముందు పెట్టింది. మొండి మనిషి కాదు. వేలుపెట్టి ఒక్కొక్క అంకె చూపించింది.

స్తమేనా ఆవిడ భుజం మీంచి చూసింది. అయిదో ఇల్లు. ఆ రెండు ముక్కలు చదవగానే పచ్చసీసా కళ్ళ ముందుకొచ్చింది. నోరు తెరిచింది.

"ఏమైనా అన్నారా స్తమేనా గారూ?"

"లేదండీ."

అనలేకపోయింది. సీసా తప్పు పట్టానంటే ఎందుకు పట్టావంటారు. తల వెచ్చగా ఉందనాలి. ఎందుకు వెచ్చగా ఉందంటారు. ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసు, పెన్షనుకి ఇరవైమూడు నెలలు. నోరు మూసుకుని సంచి భుజానికి తగిలించుకుంది.

మంగళ, బుధవారాలు బట్టీ దగ్గర పొగ లేదు. ఊట పీపాలు దొడ్లలో పులిసి పొంగుతున్నాయి. మగవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు కూర్చున్నారు. పోయినేటి సీసాలు అందరి దగ్గరా ఉన్నాయి, తాగడానికేం లోటు లేదు. స్తమేనా పచ్చకాగితాలు పట్టుకుని తిరిగితే అంకెలు తగ్గకపోగా పెరిగాయి. ఇదివరకు మధ్యాహ్నం దాకా గ్లాసు ముట్టని వాడు పొద్దున్న తొమ్మిదింటికే వంటింట్లో బల్ల ముందున్నాడు, ఎదురుగా పెళ్ళాం మూతి ముడుచుకుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. "మీ ప్రభుత్వం పుణ్యమా అని ఈ పీడ నా కొంపలో పడింది," అని ఆ ఇల్లాలు స్తమేనా మొహాన్నే అనేసింది.

జివొరాద్ తలుపు తీయలేదు. మంగళవారం తట్టింది, బుధవారం రెండుసార్లు తట్టింది. లోపల మనిషి ఉన్నాడు. కుర్చీ జరిపిన చప్పుడు వినపడింది. పొగగొట్టంలోంచి పొగ లేదు. మా ఊళ్ళో నవంబరొస్తే బకెట్లో నీళ్ళు గడ్డకడతాయి.

"అన్నా, నేను స్తమేనాని."

"రాసుకో, బాగానే ఉన్నానని," అన్నాడు తలుపు అవతల్నుంచి.

ఆవిడ ఆ మెట్ల మీద కూర్చుని పచ్చకాగితం తీసింది. ఏం రాయాలో తెలీలేదు. తెల్లకాగితం తీసింది. దాంట్లోనూ చోటు లేదు. వేళ్ళు కొంకర్లు పోతుంటే రెండూ సంచిలో కుక్కేసి, ఛీ నా బతుకు అనుకుంది. ఈ మనిషికేమన్నా అయితే, ఆ సీసా ఎత్తింది నేనే కదా అని దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

గురువారం మధ్యాహ్నం బడి గదిలో సభ పెట్టారు. పిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టక మగవాళ్ళు గోడల వెంబడి నిలబడ్డారు. రాదివోయ్ ముందు బెంచీలో టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జివొరాద్ రాలేదు.

ఓగ్న్యెన్ గోడకి పెద్ద కాగితం అంటించాడు. దాన్నిండా సున్నాలు, సున్నాల మధ్య గీతలు. "పేర్లు లేవు, నంబర్లే," అన్నాడు ఉత్సాహంగా. "చూడండి. ఎవరి పక్కన కూర్చుంటారంటే ఊళ్ళో ముప్పావు వంతు మంది చెప్పింది ఒకే మనిషిని. పదిహేడో నంబరు. ఇన్ని గీతలు ఇంకెవరికీ లేవు. ఈ ఊరికి గుండెకాయ లాంటివాడు. ఇతను మనసు విప్పే చోటు బట్టీ. అది మూసేస్తే ఈ గీతలన్నీ తెగిపోతాయి మేడం. మీరు సారా ఆపట్లేదు, మాట ఆపుతున్నారు."

"నా జాబితాలో కూడా పదిహేడే మొదట ఉంది," అంది బొయానా శాంతంగా. "వారానికి ఇరవయ్యొక్క గ్లాసులు, ఈ మధ్యే భార్య పోయింది, బరువు ఎనిమిది కిలోలు తగ్గాడు. నువ్వు అతన్ని ఎక్కడ కూర్చోబెడదామంటున్నావు బాబూ? రోజంతా సారా ధార పక్కన. అది కూడా కల్తీ సారా."

"కల్తీ కాదు!" రాదివోయ్ లేచి నిలబడ్డాడు. "నన్ను జైల్లో పెట్టండి, ఆ మాట మాత్రం అనకండి."

ముసలాయన చేతిలో టోపీ నలిగిపోతోంది. స్తమేనా చూపు దాని మీదే ఉంది. పదిహేడో నంబరు ఎవరో ఆ గదిలో ఆవిడకి తెలుసు. రెండు కాగితాల్లోనూ ఆ అంకె వేసింది ఆవిడే.

"అది కోసాన పిన్ని రుద్దుడు సీసా," అంది. గొంతు గట్టిగానే వచ్చింది. "తలుపు వెనకది. నేను పట్టాను. రాదివోయ్ తప్పేం లేదు."

బొయానా కాగితం కింద పెట్టింది. "మీకు ఆ తేడా తెలీదా?"

"తెలుసు. అప్పటికి నాలుగిళ్ళలో తాగున్నాను. తాగకపోతే ఇవ్వరు."

"ఎన్ని గ్లాసులు?"

"అయిదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. కోసాన బెంచీలోంచి, "ఏమంటోందర్రా? నా సీసా ఎవరు తాగారు?" అని కేకేసింది. గది ఒక్కసారి నవ్వింది, స్తమేనా తప్ప. ఆవిడ మొహం ఎర్రబడి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఈ ఊరివాళ్ళ ముందు ఆవిడ ఏడవడం అదే మొదలు.

నవ్వు ఆగాక బొయానా లేచింది. "కోసాన గారింట్లో తాగే సీసా నుంచి నేనే నమూనా పడతాను. రేపు సాయంత్రానికి తేలుతుంది. బాగుంటే నేనే వచ్చి సీలు తీస్తాను." తర్వాత స్తమేనా దగ్గరికొచ్చి, నెమ్మదిగా, "నేను రాయకుండా ఉండలేను. మీకు తెలుసు కదా," అంది.

"తెలుసండీ. రాయండి."

వరండాలో ఓగ్న్యెన్ ఆవిడ వెంటపడ్డాడు. "పిన్నిగారూ, అందరి ముందూ ఎందుకు చెప్పారు? నాతో విడిగా చెప్పుంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి కదా." కుర్రాడు నిజంగానే బాధపడుతున్నాడు. ఆవిడ సంచి విప్పి తెల్లకాగితాలు అతని చేతిలో పెట్టింది. పచ్చవి అప్పటికే బొయానాకి ఇచ్చేసింది.

శనివారం పొద్దున్న సీలు తీశారు. బొయానా చెప్పినట్టే తనే వచ్చి తీగ కత్తిరించింది. రాదివోయ్ ఆవిడకి గ్లాసు పోసిచ్చాడు. ఆవిడ క్షణం చూసి, పెదాలకి తాకించి, అరుగు మీద పెట్టేసింది. "ఫరవాలేదు, సగం మనిషివయ్యావు," అన్నాడు ముసలాయన. పది గంటలకల్లా పొగ లేచింది. బల్లలు నిండాయి. ముక్కాలిపీట మాత్రం ఖాళీ. మీట తిప్పడానికి వంతులేసుకుంటే, ఎవరూ పావుగంట కంటే కూర్చోలేకపోయారు.

స్తమేనా దూరం నుంచి అది చూసి, జివొరాద్ ఇంటి దారి పట్టింది. మళ్ళీ చెప్పేదాకా పనిలోకి రావద్దని జిల్లా నుంచి ఉత్తరం వచ్చింది. భుజాన సంచి లేకపోతే ఆవిడకి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు, కోటు జేబుల్లో పెట్టుకుంది.

తలుపు తట్టింది.

"బాగానే ఉన్నానని రాసుకో."

"రాయడానికేం లేదన్నా. కాగితాలన్నీ లాక్కున్నారు. పనిలోంచి తీసేసినట్టే."

అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది. తర్వాత గడియ తీశాడు. గడ్డం పెరిగింది, కోటు మీద కోటు తొడుక్కున్నాడు. ఇల్లు బయటికంటే చల్లగా ఉంది. బల్ల మీద రొట్టె ముక్క, ఉల్లిపాయ. సీసా లేదు, గ్లాసు లేదు. స్తమేనా నర్సు కళ్ళతో గది నాలుగు మూలలూ వెతికింది.

"సారా వెతుకుతున్నావా? లేదు. నేను తాగను."

"రోజుకి మూడన్నావు?"

"ఏం చెప్పమంటావు? తాగనంటే, ఏం రోగమొచ్చిందిరా అని ఊరంతా ఇంటికొస్తారు. ఆ గ్లాసు పొద్దున్న రాదివోయ్ పోస్తాడు, సాయంత్రం మళ్ళీ కేనులో ఒంపేస్తాడు. పెళ్ళయినప్పుడే మానేశాను, ఆవిడకి వాసన పడేది కాదు."

స్తమేనా కుర్చీ లాక్కుని కూర్చుంది. "మరి బట్టీ దగ్గర చెప్పుకుంటానన్నావు... ఆ బాబు దాని మీద పెద్ద బొమ్మే గీశాడు."

"చెప్పుకుంటానన్లేదు. వస్తానన్నాను. అది నువ్వు రాసుకున్నావు." అతని గొంతులో నిష్ఠూరం లేదు. "అక్కడ మీట తిప్పేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. నా నెత్తి మీంచి వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. ఇంట్లో ఉంటే నువ్వొస్తావు, నీ వెనకాల డాక్టరమ్మ, ఆవిడ వెనకాల ఆ కుర్రాడు. ఎన్ని, ఎంత, ఎవరితో. మంచివాళ్ళే. ఒక్కొక్క ప్రశ్నకి నాలుగు రోజులు నిద్రపట్టేది కాదు."

ఆవిడ ఏదో అడగబోయి ఆపుకుంది. పొయ్యి వైపు చూసింది. కట్టెలు పేర్చే ఉన్నాయి, అంటించలేదు. లేచి అంటిద్దామనుకుని, ఈ ఇంట్లో ఆ పని అతని భార్యది కదా అని ఊరుకుంది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. గోడ గడియారం ఆగిపోయి ఉంది. కిటికీలోంచి దూరంగా బట్టీ పొగ కనిపిస్తోంది.

"ఎవరు తిప్పుతున్నారు?" అన్నాడు అటే చూస్తూ.

"పావుగంటకొకరు. ఊట అడుగంటిందని రాదివోయ్ తిడుతున్నాడు."

"అంటదా మరి." చేతులు ఒకదాన్నొకటి రుద్దుకున్నాడు. "నిజంగానే తీసేశారా నిన్ను?"

"తీసేసినట్టే."

"అంటే ఇప్పుడు నువ్వు ఏదైనా చూస్తే, ఎవరికైనా రాసి పంపాలని లేదు."

"లేదు."

అతను లేచి పక్కగదిలోకెళ్ళాడు. మంచం జరిపిన చప్పుడు. తిరిగొచ్చేసరికి చేతుల్లో పొడుగాటి మూట, ఎర్రపూల బల్లగుడ్డలో చుట్టినది. చనిపోయినావిడ పండగలకి పరిచే గుడ్డ అది. బల్ల మీద పెట్టాడు. పెట్టేటప్పుడు లోపల ఇనుము చప్పుడైంది.

"మా నాన్నది. కాగితాల్లేవు దీనికి. నర్సుకిస్తే రాయాలి, రాస్తే పోలీసులొస్తారు, రాదివోయ్ దాకా లాగుతారు. అతను కూడా వేటకి వాడాడు," అన్నాడు. ఆవిడ మొహం చూడకుండా గుడ్డ అంచు సరిచేస్తున్నాడు. "మీ ఇంట్లో పెట్టు. ఎక్కడ పెట్టావో నాకు చెప్పకు."

స్తమేనా ముప్ఫైనాలుగేళ్ళుగా నేర్చుకున్న మాటలేవీ పనికొచ్చేలా లేవు. "సరే అన్నా," అంది. మూట చంకలో పెట్టుకుంది. అనుకున్నదానికంటే బరువుంది. గుమ్మం దాకా వచ్చి అతను, "సోమవారం వస్తానని రాదివోయ్‌తో చెప్పు. పీట ఎవర్నీ ఎత్తుకుపోనివ్వద్దను," అన్నాడు.

పట్టపగలు, ఊరి మధ్య దారినే నడిచింది. దుకాణం ముందు ఇద్దరు ఆడవాళ్ళు పలకరించారు. "బల్లగుడ్డ ఉతకడానికి తీసుకెళ్తున్నా," అని ఆగకుండా వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టి, వంటింటి బల్ల మీద మూట విప్పింది. ఆవిడ తండ్రి కూడా వేటగాడే, తుపాకీ ఎలా తెరవాలో తెలుసు. మధ్యలో విరిచి చూసింది.

రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి.

రెండూ ఊడదీసి కోటు జేబులో వేసుకుంది. తుపాకీని పిండి పెట్టె వెనక పెట్టి గోనె కప్పింది. తర్వాత మంచినీళ్ళు కూడా తాగకుండా, బూట్లయినా విప్పకుండా, మళ్ళీ జివొరాద్ ఇంటికి బయల్దేరింది, ఊరికే అతని పక్కన కూర్చోడానికి.